దరువు ఆపిన వారం

సోఫా మేస్త్రీని కొత్తగా చూసినవాళ్ళ కళ్ళు ముందు అతని చేతుల మీదే పడతాయి. మనిషి బక్కపలచన. చేతులు మాత్రం ఎవరో పహిల్వాను దగ్గర అరువు తెచ్చుకున్నట్టుంటాయి. వెడల్పాటి అరచేతులు, దబ్బనం పోట్లకి మొద్దుబారిన వేళ్ళ కొసలు. పాత సోఫా ఏదైనా కొట్లోకి రాగానే అతను టేపు తీయడు. ముందు దాని వీపు మీద అక్కడక్కడా తట్టి చూస్తాడు. లోపల పీచు ఎక్కడ ఉండకట్టిందో, స్పాంజి ఎక్కడ చచ్చిందో ఆ చప్పుడే చెప్పేస్తుంది. అదేమీ విద్య కాదంటాడు. "ఇన్నేళ్ళు తడితే గోడైనా మాట్లాడుతుంది, సోఫా ఎంత" అని నవ్వేస్తాడు.

ఇంట్లో ఆ చేతులకి ఇంకో ఉద్యోగం ఉంది. జీతం లేనిది, సెలవు లేనిది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కూతురు బోర్లా పడుకుంటే ఆ పిల్ల వీపు మీద, పక్కటెముకల మీద దరువు వెయ్యాలి. తల కిందకీ నడుము పైకీ ఉండేలా గట్టి స్పాంజితో ఏటవాలు పరుపొకటి తనే కుట్టాడు. అరచెయ్యి చాచి కొడితే అది దెబ్బ. వేళ్ళు దగ్గరికి చేర్చి, నీళ్ళు పట్టడానికి వంచినట్టు చేతిని దొప్ప చేసి కొడితే అది దరువు. చేతికీ వీపుకీ మధ్య కాస్త గాలి చిక్కుకోవాలి. ఆ కుదుపుకి లోపల గోడలకి కరుచుకున్న కళ్ళె వదిలి దగ్గుతో పైకి రావాలి. వచ్చేదాకా కొడుతూనే ఉండాలి. కొట్లో పనిచేసినంతసేపూ ఒంటినిండా స్పాంజి దుమ్మే గనక, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా పిల్ల గది గడప తొక్కడు.

పిల్లకి సిస్టిక్ ఫైబ్రోసిస్. తల్లిలో దాగి ఉన్న లోపం ఒకటి, తండ్రిలో దాగి ఉన్నది ఒకటి, రెండూ వచ్చి ఈ ఒక్కదానిలో కలుసుకున్నాయి. ఒంట్లో ఉప్పునీ నీటినీ అటూ ఇటూ పంపే తలుపులు పుట్టుకతోనే బిగుసుకుపోయాయి. మనకి పల్చగా జారిపోయే కళ్ళె వీళ్ళ ఊపిరితిత్తుల్లో బంకలా పట్టేస్తుంది. ఆ బంకలో క్రిములు కాపురం పెడతాయి. తిన్నది ఒంటబట్టాలంటే ప్రతి భోజనానికీ మాత్రలు మింగాలి. చెమటతో ఒంట్లో ఉప్పంతా పోతుంది.

పసిగుడ్డుగా ఉన్నప్పుడు అమ్మమ్మ ముద్దుపెట్టుకుని, పెదాలు నాక్కుని, "ఇదేంటే, పిల్ల ఉప్పగా ఉంది" అంది. అందరూ నవ్వారు. ఆ పూటే పిల్లకి ఉప్పుబుడ్డి అని ముద్దుపేరు పడిపోయింది. అమ్మమ్మ నోటికి తెలిసింది డాక్టర్ల చెవికెక్కడానికి ఏళ్ళు పట్టింది. ఒకరు ఉబ్బసం అన్నారు. ఇంకొకరు క్షయ అని నెలల తరబడి మాత్రలు మింగించారు. ఆ మాట పొక్కి, మెట్ల దగ్గర ఆడుకునే పిల్లల్ని తల్లులు చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళారు. ఛాతీ డాక్టరమ్మ ఒకావిడ చివరికి పిల్ల చెమట పరీక్ష చేయించి, జబ్బు పేరు చెప్పేనాటికి, కుడి ఊపిరితిత్తి కింది భాగం అప్పటికే మచ్చలు పడి ఉంది.

పేరు తెలిశాక ఆ భార్యాభర్తలు మొదట నేర్చుకున్నది దరువు. రెండోది, దాచడం. బయటికి వెళ్ళాలంటే, పెళ్ళయినా బడి అయినా, బయలుదేరేముందు మేస్త్రీ మామూలు కన్నా ఎక్కువసేపు దరువు వేసి ఛాతీ ఖాళీ చేయించేవాడు. నలుగురిలో పిల్ల దగ్గకూడదు. దగ్గితే పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. అలా జరిగిన కుర్చీల చప్పుడు పిల్ల వినకూడదని తండ్రి తాపత్రయం.

దరువుకీ ఓ కథ ఉంది. పిల్ల బడికి వెళ్ళే వయసులో, పక్క వాటాలో కొత్తగా దిగిన ఒక పెద్దాయన రోజూ గోడ అవతల టపటపమని దెబ్బలు, వెనకే పిల్ల దగ్గూ ఏడుపూ విని, ఎవడో తాగుబోతు కూతుర్ని చావగొడుతున్నాడని పోలీసులకి చెప్పాడు. ఒక హెడ్డు, ఇంకో కానిస్టేబులు వచ్చారు.

"నీ కూతుర్ని కొడుతున్నావంట?" అన్నాడు హెడ్డు.

మేస్త్రీ నోరు తెరిచేలోపే పిల్ల తలుపు వెనక నుంచి తల బయటపెట్టింది. "అవునండీ, రెండు పూటలా కొడతాడు. ఆదివారం కూడా వదలడు. మీరూ ఓ నాలుగు కొట్టిపోతారా? ఇవాళ నాన్నకి చెయ్యి నొప్పిగా ఉంది."

పరుపు మీద పడుకుని చూపించింది కూడా. హెడ్డు చాలాసేపు నిలబడి చూశాడు. పోతూ పోతూ మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయి, అనలేక, "మా స్టేషన్లో బెంచీ రెక్సిను చిరిగింది, వీలున్నప్పుడు రా" అని వెళ్ళిపోయాడు.

పిల్లకి ఆ నోరు తల్లి నుంచి వచ్చింది. తల్లి బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెబుతుంది. ఊరందరికీ ఆ గొంతు తెలుసు, మనిషిని గుర్తుపట్టేవాడు లేడు. ఇంట్లో మైకమ్మ అంటారు. సంఘం పెట్టినప్పుడు ఆ గొంతే దానికి పెట్టుబడి అయింది.

సంఘం అంటే ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులది. మొదలుపెట్టింది ఒక ప్లీడరు. ఆయన కొడుకు ఈ జబ్బుతోనే పోయాడు. పోయాక ఆయన కోర్టు పని తగ్గించుకుని దీనిమీదే కూర్చున్నాడు. ఎందుకంటే మందు ఉంది. జబ్బుని మూలం నుంచి తీసెయ్యదు గానీ బిగుసుకుపోయిన ఆ తలుపుల్ని చాలామందిలో తెరుస్తుంది. కొన్ని దేశాల్లో పిల్లలు ఆ మాత్రలు మింగి పరుగు పందాల్లో పాల్గొంటున్నారు. మందు కనిపెట్టినవాళ్ళు దానితోపాటు ధర కూడా కనిపెట్టారు. ఆ ధర పెట్టి మామూలు మనిషి కొనలేడు, ప్రభుత్వమే కొని ఇవ్వాలి. ప్రభుత్వం కొనాలంటే ఏ మందు కొనాలో తేల్చే కమిటీ ఒకటి ఒప్పుకోవాలి. సంఘం అడుగుతున్నది అంతే. ఈ మందు ఇప్పుడివ్వండి, పూర్తిగా నయం చేసే మందు కోసం జరిగే పరిశోధనలో మా పిల్లల్నీ లెక్కలోకి తీసుకోండి.

మేస్త్రీ రెక్సిను ముక్కల మీద అక్షరాలు కుట్టి బోర్డులు చేశాడు. వాటిమీద మాట ఉప్పుబుడ్డిది: "మందు ఉంది. మేమూ ఉన్నాం. మధ్యలో ఎవరు?"

ఈ సంఘానికి ఒక శాపం. ఏ ఉద్యమానికైనా బలం గుంపు. ఈ జబ్బున్న పిల్లలు ఇద్దరు ఒకచోట కూర్చోకూడదు. ఒకరి ఊపిరితిత్తుల్లోని క్రిమి ఇంకొకరికి అంటితే అది మామూలు క్రిమి కాదు, మందులకి లొంగని మొండిది. అందుకని సభలకి పెద్దవాళ్ళే వస్తారు, పిల్లలు ఇళ్ళల్లో ఉంటారు. పిల్లల స్నేహాలన్నీ ఫోన్లోనే. ఉప్పుబుడ్డికి అలాంటి చెల్లి ఒకతె ఉంది, వేరే ఊళ్ళో. రోజూ మాట్లాడుకుంటారు, ఒకరి దగ్గుకి ఇంకొకరు మార్కులు వేసుకుంటారు, ఒక్కసారీ కలుసుకోలేదు.

కమిటీవాళ్ళు "ఒక రోగిని తీసుకురండి, చూస్తాం" అన్నప్పుడు సంఘం అంతా ఒక్కరినే పంపాలి. గలగలా మాట్లాడుతుందని ఉప్పుబుడ్డిని పంపారు.

అక్కడే ఈ దంపతులు ఇంకెవరూ చెయ్యని పొరపాటు చేశారు. అలవాటు. పెద్దమనుషుల ముందుకి వెళుతున్నాం గదా అని మేస్త్రీ ఆ పొద్దున చేతులు పడిపోయేదాకా దరువు వేశాడు. మైకమ్మ ఉన్నవాటిలో మంచి గౌను తొడిగి, బుగ్గలకి పౌడరు అద్దింది. పిల్ల టకటకా నడిచి వెళ్ళి, అందరికీ నమస్కారం పెట్టి, జబ్బు గురించి తడబడకుండా చెప్పింది. ఒక్క దగ్గు లేదు.

మధ్యలో కూర్చున్న అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ అమ్మాయికేనా జబ్బు?" అన్నాడు. పక్కనున్న మేడమ్ నవ్వుతూ, "మా అమ్మాయి కంటే చక్కగా ఉంది" అంది. బయటికొచ్చాక మైకమ్మ ఆ మాటకి మురిసిపోయింది కూడా. ఫలితం చెప్పాకే అర్థమైంది. ఇప్పుడున్న చికిత్సతో రోగులు బాగానే ఉన్నట్టు కమిటీ గమనించింది, మందు కొనే అవసరం ఇప్పట్లో లేదు.

ఆ ఏడాదిలో సంఘంలో ఇద్దరు పిల్లలు పోయారు. ఇప్పుడున్న చికిత్స వాళ్ళకీ ఉండింది.

మళ్ళీ కమిటీ పిలిచేసరికి ఉప్పుబుడ్డి పదో తరగతి. అంతకు ముందు వారం ఆదివారం సంఘం సభ పెట్టింది, ఎప్పటిలా ట్యూషన్ సెంటర్లో, చిన్నపిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని. అందరి మాటలూ అయ్యాక ప్లీడరు మేస్త్రీని పక్కకి పిలిచాడు.

"మేస్త్రీ, ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. పోయినసారి మనల్ని ముంచింది మీ చెయ్యే."

"నా చెయ్యా?"

"మరీ మంచి చెయ్యి అది. మీ అమ్మాయిని చూసినవాడికి జబ్బు కనబడదు, మీ పనితనం కనబడుతుంది. ఈసారి ఓ రెండు మూడు రోజులు దరువు ఆపండి. అబద్ధం చెప్పమనట్లేదు. జబ్బుని జబ్బులా చూడనివ్వండి."

"మీ అబ్బాయి అయితే ఆపేవారా, ప్లీడరు గారూ?"

ప్లీడరు బ్లాక్‌బోర్డు మీద మిగిలిపోయిన లెక్కని చూస్తూ, "మా వాడు ఉండగా నాకు ఈ బుద్ధి లేదు" అన్నాడు. "ఉంటే ఆపేవాణ్ణే అనుకుంటున్నాను. తెలీదు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పకుండా మింగేద్దామనుకున్నాడు మేస్త్రీ. కానీ అతను కడుపులో ఏదైనా పెట్టుకుంటే ముఖం మీద రెక్సిను మడతలా తేలిపోతుంది. భార్య అడిగింది, చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"నేను రోజంతా రాని బస్సుల గురించి చెప్పే మనిషిని" అంది. "ఎంత ఆలస్యమో ఎవరూ చెప్పరు, అయినా నన్ను చెప్పమంటారు. ఇంట్లో కూడా ఇంకో ఏడాది అదే చెప్పమంటారా దానికి?"

"దాని ఛాతీతో ఆటలాడమంటావా?"

"ఎవరు ఆడుతున్నారండీ ఆటలు? మనమా?"

పిల్ల తన గదిలోంచి అంతా వింది. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "నాన్నా, నన్ను నటించమంటే నటిస్తాను, నాకొచ్చు. కానీ నటిస్తే అది మోసం. నువ్వు ఆపితే మోసమెలా అవుతుంది? నా జబ్బు అదే కదా. ఇన్నాళ్ళూ వాళ్ళు చూసింది నిన్ను. నువ్వు లేకపోతే నేను ఎలా ఉంటానో ఒక్కసారి చూడనియ్యి."

నువ్వు లేకపోతే అన్న మాట మేస్త్రీకి సూటిగా తగిలింది. కొట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు అతన్ని పీక్కుతినేదీ అదే. ఈ చేతులు ఎన్నాళ్ళుంటాయి? తన తర్వాత ఎవరు తడతారు? మందు వస్తే ఆ ప్రశ్న ఉండదు. ఆ ప్రశ్నకి భయపడే ఒప్పుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం నుంచి దరువు లేదు. సోమవారం కమిటీ.

మొదటి పూట పిల్ల సంబరపడింది. పుట్టాక దొరికిన మొదటి సెలవంది. ఫోను చెల్లికి గొప్పలు చెప్పుకుంది. మేస్త్రీకి మాత్రం ఆ వేళకి చేతులు ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు కుర్చీ చేతులు తట్టాడు, కాసేపు తలుపు. "ఏమండీ, ఆ తట్టడం ఆపండి, ఎవరో వచ్చారనుకుని లేస్తున్నాను" అని భార్య విసుక్కుంది. శనివారం పిల్ల ముక్కు కాస్త కారుతోంది. జలుబు ఎవరికి రాదు అనుకున్నారు. మామూలప్పుడైతే ఆ ఇంట్లో జలుబంటే అగ్నిప్రమాదం. ఆ మూడు రోజులూ మాత్రం ఏది చెడిందో అదే తమకి మంచిదన్నట్టు ముగ్గురి బుర్రలూ తిరగబడ్డాయి. ఆదివారం పిల్ల మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకుంటే, మైకమ్మ కళ్ళల్లో భయంతో పాటు ఇంకేదో కూడా మెరిసింది. అది ఆశ అని ఆమెకి తర్వాత తెలిసి, తన ముఖం అద్దంలో చూసుకోలేకపోయింది.

సోమవారం ముగ్గురూ, ప్లీడరూ కలిసి ఆ ఆఫీసుకి వెళ్ళారు. పిల్లకి మాస్కు. పెదాలు పాలిపోయి ఉన్నాయి, దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. కమిటీ గది తలుపు మూసి ఉంది. బంట్రోతు టీ గ్లాసులు కడుగుతూ తల తిప్పకుండానే చెప్పాడు. "సార్ రాలేదు. ఏదో అర్జెంటు మీటింగంట. గురువారం రమ్మన్నారు."

"ముందే చెప్పొచ్చు కదయ్యా" అన్నాడు ప్లీడరు.

"నాకూ ఇప్పుడే చెప్పారండి."

ఇంటికి రాగానే మేస్త్రీ స్నానం చేసి, చేతులు తుడుచుకుని, ఏటవాలు పరుపు దులిపి మంచం మీద వేశాడు. "రామ్మా, పడుకో."

పిల్ల గుమ్మంలో నిలబడిపోయింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. "ఇప్పుడు తట్టేస్తే మూడు రోజులు పడ్డదంతా వేస్టవుతుంది నాన్నా."

"పోతే పోనీ."

"గురువారం మళ్ళీ మొదలుపెట్టాలి అప్పుడు. ఇంకో మూడు రోజులే కదా. ఆగు."

మేస్త్రీ భార్య వైపు చూశాడు. ఆమె ఒక్క మాటంటే చాలు, పిల్లని ఎత్తుకొచ్చి పడుకోబెట్టేవాడు. ఆమె తువ్వాలు మడతపెడుతోంది. మడిచిందే విప్పి మళ్ళీ మడిచింది. "ఇంత చేశాక..." అంది.

ఈ ముగ్గురినీ ఇక్కడ ఎవరు తప్పు పడతారో పట్టొచ్చు. పట్టేముందు ఒకటి చూడాలి. బిడ్డ రోగం కళ్ళారా కనబడితే తప్ప కదలని బల్ల ఒకటి ఉండి, ఆ బల్ల వెనక మనుషులు వాళ్ళ వీలు చూసుకుని వచ్చేదాకా, తండ్రి బిడ్డని రోగంతో ఊరేసి ఉంచాల్సిన గతి ఎవరు పట్టించారు? మేస్త్రీ ఆ పరుపు తీసి మూల నిలబెట్టాడు. అది అతని చేతులు చేసిన పని. అతని చేత చేయించిన చేతులకి దబ్బనం పోట్లు ఉండవు.

గురువారానికి పిల్ల నడవలేకపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్ళారు. పోయినసారి చూసిన మనుషులే, అదే పొడుగు బల్ల. అధ్యక్షుడు కాగితాల్లోంచి తలెత్తి, "పోయిన ఏడాది వచ్చిన అమ్మాయేనా?" అన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

పిల్ల మాట్లాడాలని నోరు తెరిచింది. మాట బదులు దగ్గు వచ్చింది. అది ఆగలేదు. మనిషి రెండుగా వంగిపోయింది. తల్లి పట్టిన గుడ్డలో పచ్చటి కళ్ళె, దానితోపాటు ఎర్రగా చార. బల్ల అవతల కుర్చీలు వెనక్కి జరిగాయి. ఏళ్ళుగా తండ్రి పిల్లని ఏ చప్పుడు వినకుండా కాపాడాడో, ఆ చప్పుడు. మేడమ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి, అదీ నిజమే.

"ఎవరైనా అంబులెన్సు పిలవండయ్యా" అన్నాడు అధ్యక్షుడు. "చాలు, చూశాం. తీసుకెళ్ళండి పాపని."

మేస్త్రీ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, కూతుర్ని ముందుకి వంచి, ఎవరు చూస్తున్నారో చూడకుండా దరువు మొదలుపెట్టాడు. ఆ వీపు ఎప్పుడూ రెండు రకాలుగా పలికేది, ఖాళీగా ఉన్నచోట టప్పుమని, పట్టేసినచోట దబ్బుమని. ఇప్పుడు పైనుంచి కింది దాకా ఒక్కటే చప్పుడు, తడి ఇసక మూట కొట్టినట్టు.

ఆసుపత్రిలో ఛాతీ డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము చూసి, మొగుడూ పెళ్ళాల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "ఎన్నాళ్ళయింది ఆపి?"

"వారం" అన్నాడు మేస్త్రీ.

"ఎవరు ఆపమన్నారు?"

ప్లీడరు ఆ గుమ్మం బయటే ఉన్నాడు. మేస్త్రీ అటు చూడలేదు. "నేనే ఆపానండి."

నరంలోకి మందులు ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు. పిల్ల బతికింది. వారాలు గడిచాక ఇంటికొచ్చింది. వచ్చింది గానీ మొత్తం రాలేదు. ఊపిరి కొలిచే గొట్టంలో ఊదితే, ఇదివరకు మామూలు మనిషి ఊపిరిలో సగం వరకు వచ్చేది, ఇప్పుడు మూడోవంతు దగ్గర చతికిలబడింది. "ఇలాంటి దెబ్బ తగిలాక కొందరికి పోయినది తిరిగొస్తుంది, కొందరికి రాదు" అంది డాక్టరమ్మ. "ఆ వారం వల్లేనా అంటే నేను చెప్పలేను. జలుబు కూడా ఉంది కదా." ఆవిడ మంచితనంతోనే అంది. మేస్త్రీకి ఆ మంచితనం మొయ్యలేనంత బరువైంది.

తర్వాత కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం ప్లీడరు కొట్టుకి వచ్చాడు. మేస్త్రీ ఒక కుర్చీ బోర్లించి పట్టీలు బిగిస్తున్నాడు. ప్లీడరు స్పాంజి దిమ్మ మీద కూర్చున్నాడు, అది లోపలికి దిగబడింది, లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"మందు ఇస్తామన్నారు మేస్త్రీ. కమిటీ ఒప్పుకుంది."

మేస్త్రీ చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు మీ అమ్మాయిని చూశాకే మనసు మారిందని అధ్యక్షుడు నాతో స్వయంగా అన్నాడు. ఆ అమ్మాయి లేకపోతే ఈ ఫైలు కదిలేది కాదన్నాడు."

"అయితే మరి మీరెందుకలా ఉన్నారు?"

కోర్టులో గంటల తరబడి వాదించిన మనిషి, ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు తోడాడు. ఖర్చు ఎక్కువ గనక అందరికీ ఇవ్వరు. ఒక గీత గీశారు. ఊపిరి నూటికి నలభై పాళ్ళకి తగ్గనివాళ్ళకే. పరిశోధనలు జరిగినప్పుడు అంతకంటే తక్కువున్నవాళ్ళని తీసుకోలేదట. వాళ్ళకి పనిచేస్తుందన్న రుజువు లేదట. సంఘంలో ఆ గీత కింద ఉన్నది ఒక్కరే.

మేస్త్రీ సుత్తి కింద పెట్టాడు. "పోయిన ఏడాది అయితే?"

"పైనే ఉండేది."

"ఆ శుక్రవారం?"

ప్లీడరు తల వంచుకుని, "నన్ను కొట్టండి మేస్త్రీ" అన్నాడు.

"చెయ్యి అలా పనిచెయ్యదండీ నాది" అన్నాడు మేస్త్రీ. సుత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మిగతా పిల్లలకి ఎప్పటినుంచి ఇస్తారు?" అని అడిగాడు.

ఇవ్వడం మొదలుపెట్టారు. సంఘంలో ఒక్కో ఇంటినుంచీ ఫోన్లు. "అమ్మాయి చేసిన పుణ్యం" అని ఒకరు, "మీ రుణం ఎలా తీర్చుకోగలం" అని ఒకరు. గీత సంగతి తెలియక కొందరు, తెలిసీ ఏమనాలో తోచక కొందరు. రోజంతా మైకులో మాట్లాడొచ్చిన మైకమ్మ ఇంట్లో ఫోను ఎత్తడం మానేసింది. ఆ తర్వాత సభలకి జనం తగ్గారు. వాళ్ళని అనడానికి లేదు. పిల్లలు పరిగెడుతుంటే వాళ్ళ వెనక పరిగెట్టాలి కదా.

ఫోను చెల్లి మాత్రం మానలేదు. మాత్రలు మొదలుపెట్టిన వారంలోనే ఫోను చేసింది. స్నానం చేసొచ్చి పక్క గదిలో బట్టలు మార్చుకుంటున్న మేస్త్రీకి ఉప్పుబుడ్డి మాటలు వినబడ్డాయి.

"చెప్పవే, ఎలా ఉంటుంది? ... ఊపిరి కింది దాకా వెళ్తోందా? అడుగు దాకా? ... అక్కడ ఏముందే? ... చల్లగానా? ... నీ ఒళ్ళు ఇంకా ఉప్పగానే ఉందా, నాకి చూడు. ... లేదా? ఛీ, చప్పిడి మొహమా, ఇంక నువ్వు మా జట్టు కాదు పో." నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, ఫోను పెట్టేసింది.

మేస్త్రీ లోపలికి వెళ్ళేసరికి పిల్ల గోడకి జేరగిలబడి కూర్చుంది. ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుంది. ఈ మధ్య దాన్ని తీయడం లేదు.

"ప్లీడరు గారు ఫోను చేశారు నాన్నా, నువ్వు స్నానంలో ఉన్నప్పుడు. గీత కిందకి జరపమని మళ్ళీ అర్జీ పెట్టారంట. కమిటీ మనల్ని పిలుస్తుందంట."

"పిలిస్తే వెళ్దాం."

"అమ్మ వస్తుందా?"

"వస్తుంది. సెలవు పెడుతుంది."

పిల్ల కాసేపు ఊపిరి పోగుచేసుకుంది. ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. బయలుదేరేముందు ఏ గౌను వేసుకోను అని అడిగినట్టే అడిగింది.

"ఈసారి ఎలా వెళ్దాం నాన్నా? బాగుండి వెళ్దామా, బాగోక వెళ్దామా?"

మేస్త్రీ మంచం అంచు మీద కూర్చున్నాడు. బాగుంటే అవసరం లేదంటారు. బాగోకపోతే లాభం లేదంటారు. ఈ రెంటికీ మధ్య పిల్లని నిలబెట్టడానికి జాగా ఎక్కడుందో అతనికి తెలియలేదు. పిల్ల జవాబు కోసం చూస్తోంది. అతను తన రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుండిపోయాడు.